మొహమాటపు సంతకం

సభ్యుల విద్య: ఈ నెల పాఠం



ఈ నెల పాఠం దాణా గురించి కాదు, గాలికుంటు టీకాల గురించీ కాదు. గేదెను మేపి, పేడ ఎత్తి, తెల్లవారుజామున పాలు పిండి కూడబెట్టిన డబ్బు ఒక్క సంతకంతో ఎలా పోతుందో, పోకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పుకుందాం. నేను వకీలును కాను. సహకార డిప్లొమా పుచ్చుకుని, ఇరవై ఏళ్లకు పైబడి సంఘాల పుస్తకాలు తనిఖీ చేస్తున్న ఇన్‌స్పెక్టరును. పుస్తకాల్లో తప్పులు వెదకడం నా ఉద్యోగం. కానీ సభ్యుల ఇళ్లలో జరిగే తప్పులు ఏ పుస్తకానికీ ఎక్కవు. పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకుని అరుగు దగ్గర నిలబడినప్పుడు చెప్పుకునే మాటల్లోనే అవి బయటపడతాయి.

మొన్న బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారిలో ఒక సంఘం తనిఖీ ముగించాను. సాయంత్రం పాలు పోసి వెళ్తున్న ఒక సభ్యురాలు ఆగి అడిగింది.

"అయ్యా, మా ఇంటాయన పోయి ఏడాదైంది. బతికుండగా యాభై వేలకు ప్రోనోటు రాశాడంట. రాసి నాలుగేళ్లయింది. ఇప్పుడు వాళ్లొచ్చి, పాత నోటుకు గడువైపోయింది, నీ పేరున కొత్త నోటు రాసి వేలిముద్ర వెయ్యి అంటున్నారు. వాళ్లు మాకు కావలసినవాళ్లే. కాదంటే బాగుండదు. వెయ్యమంటారా?"

"నోటు చూడకుండా మాత్రం వేయకమ్మా" అన్నాను. ఆ పూట ఆమెకూ, చుట్టూ చేరిన మిగతా సభ్యులకూ చెప్పిన విషయాలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. మనల్ని ముంచేది తెలియకపోవడం కాదు, మొహమాటం

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని తెలియనివారు మన పల్లెల్లో లేరు. తెలిసీ పెడతారు. "నా మీద నమ్మకం లేదా?" అని ఎదుటివాడు ఒక్క మాట అంటే చాలు, కలం చేతిలోకి వస్తుంది. డబ్బు ఇచ్చి రసీదు అడగడం అవమానించడమని అనుకుంటాం. బావమరిది దగ్గర కాగితం ఏమిటి అనుకుంటాం. నేను చూసిన తగవుల్లో ఎక్కువ భాగం పరాయివాళ్ల మధ్య పుట్టినవి కావు, కావలసినవాళ్ల మధ్యే పుట్టాయి. పరాయివాడి దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటాం.

కాగితం రాసుకోవడం అపనమ్మకం కాదు. ఇద్దరిలో ఒకరు మరచిపోయినా, ఒకరు పోయినా, మిగిలినవారి మధ్య మాట చెడకుండా ఉండటానికే కాగితం. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిస్తే ఈ పాఠంలో సగం వచ్చినట్టే.

2. ప్రోనోటు: రాసేవారికి, రాయించుకునేవారికి

ప్రోనోటుకు ఆధారం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. ఇంత సొమ్ము ఫలానావారికి షరతు లేకుండా చెల్లిస్తానని రాసి సంతకం చేసిన కాగితమే ప్రోనోటు. దాని విషయంలో ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

(అ) ఖాళీ నోటు. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని పూర్తి చేసుకునే అధికారం అవతలివారికి ఇచ్చినట్టేనని ఆ చట్టం 20వ సెక్షను చెబుతోంది. పైగా, నోటు మీద సంతకం మీదేనని తేలితే, సొమ్ము ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ఇది 118వ సెక్షను. ముట్టలేదనీ, అంత ముట్టలేదనీ రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. కావున మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించిన తరువాతే, వడ్డీ, తేదీ, ఊరు నింపిన తరువాతే సంతకం పెట్టండి. ఖాళీ చోటు మిగిలితే గీత కొట్టండి. చదువు రానివారు నమ్మకమైన మరొకరి చేత చదివించుకుని, "చదివి వినిపించగా వేలిముద్ర వేసినది" అని రాయించి, చదివినవారి సంతకం కూడా తీసుకోండి.

(ఆ) స్టాంపు. ఇది అప్పు ఇచ్చేవారికి ముఖ్యం. మిగతా దస్తావేజుల్లో చాలావాటికి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిచేసుకునే వీలుంది. ప్రోనోటుకు ఆ వీలు లేదు. స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. రెవిన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పడేట్టు చూసుకోండి.

(ఇ) మూడేళ్ల గడువు. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయాలి. ఇది 1963 నాటి లిమిటేషన్ చట్టం పెట్టిన గడువు. అది దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టు. అయితే గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక బాకీదారు స్వయంగా చెల్లు రాసినా, చెల్లు కింద సంతకం పెట్టినా, ఆ చెల్లించిన తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క. బాకీ ఉన్నానని గడువు లోపల రాసి సంతకం చేసినా అంతే. అప్పు ఇచ్చినవారు తామే చెల్లు రాసుకుని తామే సంతకం పెట్టుకుంటే గడువు పెరగదు.

(ఈ) కాలదోషం పట్టిన అప్పు. గడువు దాటిన తన అప్పును తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తే, ఆ రాత చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ఆ మాట చెబుతోంది. "ఊరికే ఒక సంతకం" అని అడిగేది చాలాసార్లు ఇందుకే. పెట్టవద్దని కాదు. ఏం పెడుతున్నారో తెలిసి పెట్టమని.

(ఉ) తీర్చిన తరువాత. అప్పు పూర్తిగా తీర్చిన రోజునే నోటు వెనక్కి పుచ్చుకోండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, వెదికి ఇస్తా" అంటే, నోటు తేదీ, మొత్తం రాసి, "ఈ బాకీ పూర్తిగా ముట్టినది, నోటు దొరికినప్పుడు రద్దు చేసి ఇవ్వగలవాడను" అని రసీదు రాయించుకోండి. ఫోను ద్వారా పంపిన సొమ్మయినా, దేని కింద పంపారో అక్కడే ఒక మాట రాయండి. అది రాయకపోతే, ఆ సొమ్ము దాణా బాకీ కిందో, చేబదులు కిందో వచ్చిందని రేపు అనవచ్చు.

వడ్డీ లెక్క కూడా సంతకానికి ముందే వేసుకోవాలి. నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది. యాభై వేలకు నెలకు వెయ్యి, మూడేళ్లకు ముప్పై ఆరు వేలు. అసలుతో కలిపి ఎనభై ఆరు వేలు. రెండు పాడిగేదెలున్న ఇంటికి ఇది చిన్న మాట కాదు. మన ఆంధ్ర ప్రాంతంలో రైతుల అప్పులకు 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం ఉంది. దావా పడినప్పుడు ఆ చట్టం కింద వడ్డీ తగ్గింపు కోరే వీలు మీకు వర్తిస్తుందేమో వకీలును అడగండి.

3. షూరిటీ సంతకం

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

1986లో నేను పదో తరగతి చదువుతున్నాను. మా దగ్గరి బంధువు ఒకాయన గేదె కొనడానికి మూడు వేలు అప్పు తీసుకుంటూ, మా నాన్నను పక్కన సంతకం పెట్టమన్నాడు. నోటులో మొత్తం ఇంకా రాయలేదు. "రాత్రయింది, రేపు నింపుకుంటాం, నువ్వు పెట్టెయ్ బాబాయ్" అన్నారు. మా నాన్న చదువుకున్నవాడే, పాల కేంద్రంలో లెక్క తప్పితే అక్కడికక్కడే పట్టుకునేవాడు. అయినా పెట్టాడు. బంధువు ఊరు విడిచి వెళ్లాడు. నోటులో ఎనిమిది వేలు నిండింది. నోటీసు మా ఇంటికి వచ్చింది.

"అప్పు తీసుకున్నవాణ్ణి అడగకుండా నన్ను అడగడమేమిటి?" అని మా నాన్న ప్లీడరు గారిని అడిగాడు. "ముందు అతణ్ణే అడగాలని చట్టంలో లేదండీ" అని ఆయన జవాబు. రెండు గేదెలు అమ్మి కట్టాం. ఆ తరువాత చాలా ఏళ్లు మా ఇంటి నుంచి కేంద్రానికి పాలు వెళ్లలేదు. మా నాన్న తిట్టుకున్నది ఆ బంధువును కాదు, తన మొహమాటాన్నే.

ప్లీడరు గారు చెప్పింది సరైన మాట. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే షరతు రాసుకోకపోతే, హామీ ఇచ్చినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. అప్పు ఇచ్చినవారు ఇద్దరిలో ఎవరినైనా ముందు అడగవచ్చు. ఇక ప్రోనోటు మీద రెండో బాకీదారుగా సంతకం పెడితే, అది షూరిటీ అని మీరనుకున్నా, కాగితం ప్రకారం మీరూ అప్పు తీసుకున్నవారే.

తప్పనిసరై హామీ ఇవ్వవలసి వస్తే ఇలా చేయండి. ఎంత మొత్తానికి, ఎంత కాలానికి హామీ ఇస్తున్నారో కాగితంలోనే రాయించండి. దాని నకలు తీసుకోండి. విడతలవారీగా సాగే అప్పులకు ఇచ్చిన హామీని, ముందు జరగబోయే అప్పుల మేరకు నోటీసు ఇచ్చి ఉపసంహరించుకోవచ్చు. ఇది 130వ సెక్షను. మీ సమ్మతి లేకుండా వాళ్లిద్దరూ షరతులు మార్చుకుంటే, ఆ మార్పు తరువాతి వ్యవహారాలకు మీ హామీ వర్తించదు. మీరు కట్టవలసి వస్తే, కట్టినదంతా అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు మీది. ఆ హక్కు నిలవాలంటే కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి.

నిరాకరించాలంటే మొహమాటమా? "మా ఇంట్లో అడిగి చెబుతాను" అనండి. ఒక రాత్రి గడువు దొరికితే చాలు, ఎన్నో సంతకాలు ఆగిపోతాయి.

4. చెక్కు

ప్రోనోటు తగ్గి చెక్కు పెరిగింది. దాణా వ్యాపారులు, ఫైనాన్సు కంపెనీలు, గేదెల దళారులు హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడుగుతున్నారు. చెక్కు ప్రోనోటు కంటే పదునైనది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే అది నేరం కిందికి వస్తుంది. 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 138వ సెక్షను ప్రకారం రెండేళ్ల వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపుకున్నా, బాకీ కోసమే ఇచ్చారన్న ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. బాకీ లేదని చూపవలసింది చెక్కు ఇచ్చినవారే.

మీకు వచ్చిన చెక్కు తిరిగిపోతే తేదీలు లెక్కపెట్టుకోండి. చెక్కు దాని మీది తేదీ నుంచి మూడు నెలలలోపు బ్యాంకులో వేయాలి. తిరిగిందని బ్యాంకు తెలిపిన 30 రోజులలోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తరువాతి నెల రోజులలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. "పండగ వెళ్లాక ఇస్తా" అన్న మాట నమ్మి ఈ గడువులు దాటబెట్టుకున్నవారు చాలామంది. నోటీసు ఇవ్వడం తగవు పెట్టుకోవడం కాదు, గడువు నిలబెట్టుకోవడం.

రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపారు. నోటీసు ఇప్పుడు స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదునూ, అందినట్టు దాఖలానూ, నోటీసు నకలుకు కుట్టి ఉంచండి.

5. పాల కేంద్రం దగ్గర

పాలు పోసిన ప్రతి పూటా చీటీ తీసుకోండి. చీటీలో మీ సభ్యత్వ సంఖ్య, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, మొత్తం ఉన్నాయో లేదో అక్కడే చూడండి. పదిహేను రోజుల బిల్లు వచ్చినప్పుడు చీటీలతో సరిపోల్చండి. పది నిమిషాల పని. చీటీలు పారేసి, బిల్లు తగ్గిందని నెలాఖరున అడిగితే ఇన్‌స్పెక్టరు కూడా ఏమీ చేయలేడు.

వెన్న శాతం తగ్గిందని అనుమానం వస్తే ఆ పూటే, పాలు కలిపేయక ముందే, మీ ఎదుట మళ్లీ పరీక్ష చేయమనండి. గెర్బర్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోస్తారు. ఈ కొలతలు తెలిసినవారి ఎదుట పరీక్షలో అశ్రద్ధ జరగదు. యంత్రమైతే శుభ్రం చేసిన తరువాత మళ్లీ చూపమని అడగండి. తూకపు యంత్రానికి, కొలతలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ముద్ర గడువు తీరినవి వాడరాదు.

మరొక సంగతి. సంఘంలో సభ్యులై పాలన్నీ సంఘానికే పోసే ఉత్పత్తిదారులకు ఆహార భద్రత చట్టం కింద విడిగా రిజిస్ట్రేషను అవసరం లేదు. కానీ కొంత సంఘానికి పోసి కొంత హోటలుకు అమ్మేవారికి ఈ మినహాయింపు లేదు. ఇది తెలియక కొందరు ఇబ్బంది పడుతున్నారు.

ఫిర్యాదు నోటిమాటగా వద్దు. తేదీ, పూట, చీటీ సంఖ్య వేసి రెండు ప్రతులు రాయండి. ఒకటి కార్యదర్శికి ఇచ్చి, రెండో దాని మీద "అందినది" అని సంతకం, తేదీ తీసుకోండి. అక్కడ తేలకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది మీ సంఘం ఏ చట్టం కింద నమోదైందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 1964 సహకార సంఘాల చట్టం కిందిదైతే 61వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారుకు తగవు నివేదించవచ్చు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందిదైతే దారి ట్రిబ్యునలుకు. కాబట్టి సంఘం బైలాల ప్రతి ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

సమాచార హక్కు సంగతి చాలామంది అడుగుతున్నారు. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడవని సహకార సంఘం నేరుగా ఆ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 2013లో కేరళకు చెందిన తలప్పాళం కేసులో చెప్పింది. అయితే చట్టప్రకారం రిజిస్ట్రారు తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన కార్యాలయం ద్వారా కోరే దారి ఉంది.

6. గేదె కొన్నప్పుడు

"పూటకు ఆరు లీటర్లు, కళ్లు మూసుకుని తోలుకుపో" అన్న మాట సంతలోనే ఉండిపోతుంది. ఇంటికి వచ్చాక నాలుగు లీటర్లయితే అడిగేందుకు ఆధారం ఉండదు. పాల మాట, ఈత మాట, చూడి మాట ఏది చెప్పి అమ్మితే అది రసీదులో రాయించండి. వ్యవహారమంతా రాతలో పెట్టుకున్నాక, రాతకు విరుద్ధమైన నోటిమాటను సాధారణంగా కోర్టు వినదు. రెండు పూటలు ఎదుట పాలు పిండించి చూసి, ఆ తరువాతే సొమ్ము ఇవ్వండి. చెవికి వేసిన పన్నెండంకెల ట్యాగు సంఖ్య రసీదులో తప్పక వేయించండి.

బీమా చేసిన పశువుకు ట్యాగు ఊడిపోతే వెంటనే బీమావారికి, పశువైద్యులకు తెలిపి కొత్తది వేయించండి. పశువు చనిపోతే పూడ్చక ముందే తెలియజేయాలి. ట్యాగు కనపడేట్టు ఫోటో, పశువైద్యుని శవపరీక్ష ధ్రువపత్రం ఉండాలి. దాణా బస్తా నాసిరకమైతే బిల్లు, బస్తా మీది లేబులు దాచండి. జీవనోపాధికి కొన్నవారు 2019 వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.

పచ్చిమేతకు నేల కౌలుకు తీసుకునేవారు ఒకటి గమనించగలరు. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను కావాలి. తెల్ల కాగితం మీద మూడేళ్ల కౌలు రాసుకుని, బోరు కూడా వేయించి, రెండో ఏడు ఖాళీ చేయమంటే దిక్కులు చూడవలసి వస్తుంది.

7. కాగితాలు ఎక్కడ దాచాలి

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచింది. మన రేపల్లె, బాపట్ల తీరాన్నీ వదలలేదు. ప్రాణాలే కొట్టుకుపోయిన చోట కాగితాల లెక్క ఎవరు చూస్తారు? కానీ బతికి బయటపడ్డవారికి ఆ తరువాత కావలసివచ్చినవి కాగితాలే. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. రిజిస్టరైన దస్తావేజు మన ఇంట్లో పోయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దాని ప్రతి ఉంటుంది. రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవచ్చు. ప్రోనోటుకు, చేతి రసీదుకు, పాల చీటీకి మరెక్కడా ప్రతి లేదు. పోతే పోయినట్టే.

తీరప్రాంతపు వాళ్లం కాబట్టి కాగితాలను గట్టి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, తుపాను హెచ్చరిక రాగానే చేత పట్టుకుపోయేట్టు ఒకే చోట ఉంచండి. ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫోటో తీసి, మరో ఊళ్లోని పిల్లల ఫోనుకు పంపండి. ఫోటో అసలుతో సమానం కాదు, కానీ ఏమి ఉండేదో చెప్పగలుగుతుంది.

కాగితం దాచినందువల్ల ఫలితం ఏమిటంటారా? విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ లక్షలాది మంది దగ్గర డిపాజిట్లు సేకరించి చెల్లించలేకపోయింది. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు డిపాజిటుదారులకు సొమ్ము ఇచ్చినప్పుడు, బాండ్లు, రసీదులు ఉన్నవారికి పని సులువైంది. అసలు ఎక్కువ వడ్డీ ఆశ చూపేవారికి డబ్బు ఇవ్వకముందే, వారికి డిపాజిట్లు సేకరించే అనుమతి ఎవరిచ్చారని అడగండి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది.

8. తగవు వచ్చినప్పుడు

గేదె దొంగతనం వంటి నేరం జరిగితే పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసి ఇవ్వండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం జరిగిన చోటు తమ పరిధి కాదని చెప్పి ఫిర్యాదు తిప్పి పంపరాదు. నమోదు చేయకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు, ఆ తరువాత మేజిస్ట్రేటు ఉన్నారు.

వకీలుకు ఇచ్చుకోలేనివారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కనుక రాజీ పత్రాన్ని కూడా చదివించుకునే సంతకం పెట్టండి.

9. ఆ సభ్యురాలికి చెప్పిన జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. భర్త అప్పుకు భార్య సొంతంగా బాధ్యురాలు కాదు. ఆయన వదిలిన ఆస్తిలో తనకు వచ్చిన మేరకే బాధ్యత. నోటు రాసి నాలుగేళ్లు కాబట్టి, మధ్యలో ఆయన సంతకంతో చెల్లు లేకపోతే దావాకు గడువు దాటినట్టే. ఆమె తన పేరున కొత్త నోటు రాసి ఇస్తే, ఆ భారం తన నెత్తిన పడే దారి తానే తెరిచినట్టవుతుంది. కాదని రుజువు చేసుకునే బాధ కూడా ఆమెదే.

ఇదంతా విని ఆమె, "అయితే ఎగ్గొట్టమంటారా అయ్యా?" అంది. అక్కడున్నవాళ్లు నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు. అప్పు నిజమైతే తీర్చాలనే ఆమె కోరిక. అది మంచి కోరిక. "ఎగ్గొట్టమనడం లేదమ్మా. పాత నోటు రెండు వైపులా చూపించమను. మీ ఆయన ఎంత కట్టాడో తేల్చమను. తేలినంత మేరకు నీకు వీలైనట్టు కట్టు, కట్టినప్పుడల్లా రసీదు పుచ్చుకో, ఆఖరున పాత నోటు పుచ్చుకో. కొత్త నోటు మాత్రం రాయకు" అన్నాను.

రెండు రోజుల తరువాత కార్యదర్శి ఫోను చేశాడు. ఇంట్లో పాత పాల పాస్‌బుక్కు వెనుక పేజీల్లో భర్త చేతిరాతతో, మూడుసార్లు వడ్డీ కట్టిన తేదీలు, మొత్తాలు దొరికాయట. నోటు మీద ఒకే చెల్లు ఉందట. లెక్క ఇంకా తేలలేదు. పెద్దల ఎదుట కూర్చుని తేల్చుకునేందుకు రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆమె వేలిముద్ర వేయలేదు. ఆ కావలసినవాళ్లతో మాటలూ పోలేదు.

రసీదు నమూనా

"తేదీ ........ ఊరు ......... (చెల్లించినవారి పేరు) గారి వద్ద నుండి రూ. ...... (అక్షరాలా ........ రూపాయలు) ........ నిమిత్తం నగదుగా / ఫోను ద్వారా ముట్టినది. మిగిలిన బాకీ రూ. ...... / బాకీ లేదు. సంతకం. సాక్షి సంతకం."

ఐదు వేలకు మించిన రసీదు మీద రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయించండి.

గుర్తుంచుకోవలసినవి

1. నింపని కాగితం మీద, నింపని చెక్కు మీద సంతకం లేదు.
2. ఇచ్చిన డబ్బుకు రసీదు, తీర్చిన అప్పుకు నోటు వెనక్కి.
3. ప్రోనోటుకు మూడేళ్లు, చెక్కు నోటీసుకు ముప్పై రోజులు.
4. షూరిటీ సంతకం అంటే అప్పు నాదే అనుకుని పెట్టాలి.
5. ఫిర్యాదు రాతలో, రెండు ప్రతుల్లో.
6. తొందర పెట్టేవారి ముందు ఒక రాత్రి గడువు అడగాలి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. నోటు వెనుక చెల్లు ఎవరు రాయాలి, ఎవరు సంతకం పెట్టాలి? ఎందుకు?
2. మన సంఘం ఏ చట్టం కింద నమోదైంది? బైలాల ప్రతి ఎవరి దగ్గర ఉంది?
3. మన కేంద్రంలోని తూకపు యంత్రం ముద్ర గడువు ఎప్పటి వరకు ఉంది?
4. మీ ఇంట్లో తీర్చేసిన అప్పుల నోట్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

నాలుగో ప్రశ్నకు జవాబు సమావేశంలో చెప్పనక్కరలేదు. ఇంటికి వెళ్లి వెదుక్కుంటే చాలు.

మీ
సహకార ఇన్‌స్పెక్టరు